కీళ్లవాతానికీ ఒక కొలత ఉంది

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



జ్వరం వస్తే థర్మామీటరు పెడతాం. బి.పి. అయితే చేతికి పట్టీ చుట్టి చూస్తాం. మరి కీళ్లవాతానికి? "ఎలా ఉందమ్మీ?" అని అడుగుతాం. "ఏం లేదు బేటా, బాగానే ఉంది" అంటుంది అమ్మీజాన్. అంతటితో సరి! ఆ ఒక్క మాట గురించే మేము ఈరోజు మీకు మనవి చేయదలిచాము.

వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల సంగతి కాదు మేము చెప్పేది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే జబ్బు. ఇది మగవారిలోకంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఒంటిని కాపాడవలసిన శక్తే ఎదురు తిరిగి కీళ్ల లోపలి పొర మీద పడుతుంది. ఫజర్ నమాజుకు లేస్తే పిడికిలి ముడుచుకోదు. గంట దాటితేగాని చేతులు స్వాధీనంలోకి రావు. అశ్రద్ధ చేస్తే ఎముక తినేసి వేళ్లు వంకరపోతాయి. పోయిన ఎముకను మందులు తిరిగి తేలేవు.

ఈ జబ్బు జోరును కొలవడానికి డాక్టర్లు 28 కీళ్లు చూస్తారు. భుజాలు, మోచేతులు, మణికట్లు, మోకాళ్లు కలిసి 8, చేతివేళ్ల కీళ్లు 20. నొక్కితే నొప్పి పుట్టేవి ఎన్ని, వాచినవి ఎన్ని అని లెక్కిస్తారు. రోగి తన బాధకు సున్నా నుంచి పది లోపల ఒక అంకె చెప్పాలి. డాక్టరు కూడా తన అంచనా అంకె వేస్తారు. ఈ నాలుగూ కూడడమే! 2005లో వచ్చిన ఈ లెక్కను సి.డి.ఎ.ఐ. అంటారు. మొత్తం 2.8 దాటకపోతే జబ్బు అణగినట్లు. 10 వరకు తక్కువ, 22 వరకు మధ్యరకం, ఆపైన తీవ్రం. ఇ.ఎస్.ఆర్. లేక సి.ఆర్.పి. రక్తపరీక్షను కలిపి వేసే డి.ఎ.ఎస్. 28 అనే లెక్క కూడా ఉంది. ఇ.ఎస్.ఆర్. ఒక్కదాన్నే నమ్ముకోరాదు. రక్తహీనత ఉన్నా అది పెరుగుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. నొప్పి కీళ్లు 8, వాచినవి 6, రోగి అంకె 7, డాక్టరు అంకె 5. మొత్తం 26, అంటే తీవ్రం. అదే తల్లి నొప్పి దాచి రెండు కీళ్లే చూపి, బాధ "ఒకటి" అన్నదనుకోండి. మొత్తం 14కు దిగిపోతుంది. జబ్బు తగ్గలేదు, లెక్క తగ్గింది! పెంచవలసిన మందు పెంచకుండానే డాక్టరు పంపేయవచ్చు.

కొలిచి మందు మార్చడంలో ఎంత మేలుందో 2004లో ప్రచురితమైన గ్లాస్గో నగరపు పరిశోధన చూపింది. నెలనెలా కొలిచి చూసినవారిలో 65 శాతానికి జబ్బు అణగింది. మామూలు పద్ధతిలో చూసినవారిలో 16 శాతానికే.

సబర్ అంటే ఓర్పు. బాధను దాచడం సబర్ కాదు. వైద్యం చేయించుకోమని మన ప్రవక్త (స) సెలవిచ్చారు. కనుక అక్కచెల్లెళ్లారా, డాక్టరు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పాదాల కీళ్లు ఆ 28లో లేవు. అవి నొస్తే మీరే చెప్పాలి. జబ్బు జోరుగా ఉన్నప్పుడు నెలకో, మూడు నెలలకో చూపించుకోవాలి. వచ్చిన అంకెను నోటుబుక్కులో రాసుకోండి. నొప్పి తగ్గిందని గాని, రంజాన్ ఉపవాసాలని గాని మందు మీ అంతట మీరు ఆపవద్దు. డాక్టరును అడగండి.

అన్నదమ్ములారా, ఇంట్లో "బాగానే ఉంది" అన్న మాటతో ఊరుకోకండి. "పిడికిలి బిగించు అమ్మీ, చూద్దాం" అనండి.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.