గాలమునకు ఎర, దారము
(తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



సెలవులు వచ్చినంతనే మన బాలురు గాలములు పట్టుకొని నీటిగట్టునకు పోవుదురు. ఎరను, దారమును ఎన్నుకొను విధమును వారికి మీరే నేర్పవలెను.

ఎర చేప స్వభావము ననుసరింపవలెను. దారము నీటి ననుసరింపవలెను. లావు దారమే మేలని తలంపరాదు. నీలగిరి వాగులలోని ట్రౌటు చేపలు 20వ శతాబ్ది ఆరంభకాలమున పరదేశములనుండి తెచ్చి పెంచబడినవి. తేటనీటియందు వాటి చూపు మిక్కిలి నిశితము. అందుచే 2 కిలోల బరువున కాగు సన్నని నైలాను దారమును, ఈగను బోలిన ఈకల ఎరయును చాలును. మన చెరువులలోని కొరమీను వేటాడు చేప. కప్పబొమ్మను నీటిపై కదల్చిన ఎగిరి పట్టును. పట్టి నాచులో దూరును. దానికి 10 కిలోల కాగు దారము కావలెను. అడుగున తిరుగు జెల్లకు వానపాము తగును. మట్టినీటిలో తళతళలాడు రేకు ఎర మేలు.

మరియొక మాట. నూలువలె నైలాను త్వరగా కుళ్ళదు. గట్టున విడిచిన ముక్క కొంగల కాళ్ళకు చుట్టుకొని ప్రాణము తీయగలదు. తెగిన దారమును చుట్టి ఇంటికి తెచ్చు బాలుడే గాలము వేయుట నేర్చినవాడు. చేప దొరకని దినమున సైతము వానిని మెచ్చుకొనుడు.