మసక చూపును ముసలితనమని వదిలివేయకండి

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సభ్యుల సమావేశంలో ఒక నేత్ర వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మీ గేదె ఒక్క పూట మేత మానితే మీరు ఊరుకోరు. వెంటనే పశువుల డాక్టరుకు కబురు పంపుతారు. మీ సొంత చూపు ఏడాదిగా మసకబారుతున్నా మాత్రం "వయసు మీద పడింది, ఏం చేస్తాం" అని సరిపెట్టుకుంటారు. ఈరోజు నేను చెప్పదలచింది ఒక్కటే. మసకలన్నీ ఒకటి కావు. కళ్ళజోడు పెట్టగానే పోయే మసక ఉంది. ఆపరేషన్‌తో పోయే మసక ఉంది. ఒకసారి పోతే తిరిగి రాని చూపు కూడా ఉంది. మీది ఏదో ఇంట్లో కూర్చుంటే తెలియదు, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

చత్వారం

నలభై ఏళ్ళు దాటాక ఇది దాదాపు అందరికీ వస్తుంది. కంటిలోని కటకం బిరుసెక్కి, దగ్గరి వస్తువుల మీద చూపు నిలవదు. సూదిలో దారం ఎక్కదు. చీటీని చేయి చాచి దూరంగా పట్టుకోవలసి వస్తుంది. దూరం బాగానే కనబడుతుంది గనుక దీన్ని ఎవరూ లెక్కచేయరు.

కాని పాడి పనిలో దగ్గరి చూపు ఎంత అవసరమో గమనించండి. పాల చీటీలో లీటర్లు, వెన్న శాతం, రూపాయలు చదువుకోవాలి. మొదటి ధారలను నల్లగుడ్డ మీద పిండి, విరుగులున్నాయేమో చూడాలి. పొదుగువాపు తొలి గుర్తు తరచు అక్కడే దొరుకుతుంది. చెవి మడతల్లో పిడుదులను వెతకాలి. మందు సీసా మీద గడువు తేదీ చూడాలి. సంఘానికి సభ్యులే యజమానులంటాం. తన చీటీ తాను చదువుకోలేనివారికి ఆ యజమాన్యం పేరుకే మిగులుతుంది.

అస్సాం తేయాకు తోటల్లో 40 ఏళ్ళు దాటిన కూలీలపై జరిగిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. దగ్గరి చూపుకు అద్దాలు ఇచ్చినవారి ఆకు కోత, ఇవ్వనివారితో పోలిస్తే సుమారు 22 శాతం అదనంగా పెరిగింది. చేతి పని చేసేవారికి కళ్ళజోడు అలంకారం కాదు, పనిముట్టు అని దీనివల్ల తెలుస్తున్నది.

దగ్గరికి మాత్రమే అద్దాలు తీసుకోవచ్చు. దూరానికీ నంబరుంటే రెండూ కలిసిన అద్దాలు వేయించుకోవచ్చు. సంతలో కొన్న అద్దాలతో అక్షరాలు కనబడవచ్చు గాని, లోపల దాగిన జబ్బు బయటపడదు. తెలంగాణలో 2018లోను, 2023లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2019లోను మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో మీలో కొందరు అద్దాలు తీసుకొని ఉంటారు. వయసుతో నంబరు మారుతుంది కనుక మళ్ళీ చూపించుకోవాలి.

శుక్లం

ఇది కటకం మసకబారడం వల్ల వచ్చేది. శుక్లం పండాలి, అప్పుడే తీయాలి అనే మాట పాతకాలపుది. ఇప్పుడు మసకబారిన కటకాన్ని తీసి, ఆ స్థానంలో కృత్రిమ కటకం అమర్చుతారు. ఈ పద్ధతికి 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు నాంది పలికాడు. పనికి అడ్డు వచ్చేంతగా మసక ఉంటే పండే దాకా ఆగనక్కరలేదు. బాగా ముదరనిస్తే కంటిలో ఒత్తిడి పెరిగి ప్రమాదం రావచ్చు. ఎండాకాలం చేయించుకోకూడదన్నదీ అపోహే.

ఆడవాళ్ళు ఆపరేషన్ వాయిదా వేయడానికి అసలు కారణం వేరే ఉంది. "గేదె నా చేతికి తప్ప చేపదు" అంటారు. అది నిజమైన కష్టమే. అందుకు ముందు నుంచే ఏర్పాటు చేసుకోవాలి. గేదె వట్టిపోయిన రోజుల్లో ఆపరేషన్ పెట్టుకోండి. లేదా రెండు మూడు వారాల ముందు నుంచి ఇంట్లో మరొకరి చేతికి అలవాటు చేయండి. ఆపరేషన్ తరువాత డాక్టరు చెప్పినన్నాళ్ళు పాక ఊడవడం, బరువులెత్తడం, కంట్లో నీళ్ళు పడనివ్వడం కూడదు. చుక్కల మందు మానకూడదు.

తిరిగి రాని చూపు

నీటికాసులు, అంటే గ్లకోమా, ఎక్కువమందిలో నొప్పి లేకుండా వస్తుంది. ముందు పక్కచూపు తగ్గుతుంది. పోయిన చూపును ఏ మందూ తీసుకురాలేదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే చికిత్స. చక్కెర జబ్బు కూడా ఇలాగే కంటి వెనుక పొరను చడీచప్పుడు లేకుండా పాడుచేస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదు. చక్కెర జబ్బు ఉన్నవారు ఏటా, ఇంట్లో ఎవరికైనా నీటికాసులున్నవారు డాక్టరు చెప్పిన గడువుకు పరీక్ష చేయించుకోవాలి.

పాకలో తగిలే దెబ్బలు

తోక విసురు, కొమ్ము, వరిగడ్డి పోచ, ఊక — ఏది తగిలినా నల్లగుడ్డు గీసుకుపోవచ్చు. ఆ గీతలో బూజు చేరితే పుండు పడి కన్నే పోతుంది. కంట్లో చనుబాలు, పసరు, ఆముదం పోయకండి. పాలు తాగడానికే గాని కంట్లో పోయడానికి కాదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చిన చుక్కలూ వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే పుండు మరింత ముదురుతుంది. కన్ను నలపకుండా అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. సున్నం పడితే మాత్రం ముందు ఇంట్లోనే శుభ్రమైన నీటితో అరగంట పాటు ధారగా కడిగి, ఆ తరువాత బయలుదేరండి.

పడుచువాళ్ళ సంగతి

దూరం కనబడని పిల్లలకు కళ్ళజోడే మంచిది. కళ్ళజోడు పెడితే పెళ్ళి కాదని ఆడపిల్ల చదువు చెడగొట్టకండి. కంటికి అంటించే లెన్సులు శుభ్రత తప్పితే పుండుకు దారితీస్తాయి. దుమ్ములో, పాకలో పనిచేసేటప్పుడు అవి తగవు. లేజర్ చికిత్స 18 ఏళ్ళు నిండి, నంబరు ఏడాదిగా మారనివారికి, నల్లగుడ్డు మందం పరీక్షించాకే చేస్తారు. అది చేయించుకున్నా నలభై దాటాక చత్వారం రాకమానదు.

సంఘం చేయగలిగింది

రోజుకు రెండు పూటలా ఊరంతా వచ్చే చోటు పాలకేంద్రం. అక్కడి గోడకు అక్షరాల పట్టిక, చదువు రానివారికి గుర్తుల పట్టిక తగిలించండి. ఇరవై అడుగుల దూరంలో నిలబడి, ఒక్కొక్క కన్ను మూసి చూడమనండి. నలభై దాటిన సభ్యుల జాబితాను కార్యదర్శిగారు తయారు చేసి, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని కంటి ఆసుపత్రికి గాని శిబిరం కోసం ఉత్తరం రాయవచ్చు. హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నాయి. 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కూడా పల్లెల్లో దృష్టి కేంద్రాలు నడుపుతున్నది. ఆపరేషన్‌కు వెళ్ళిన సభ్యురాలి గేదెకు ఆ నాలుగు రోజులు పొరుగువారు మేత వేస్తే, సహకారమన్న మాటకు అర్థం అదే.

పాల నాణ్యతను రోజూ పరీక్షిస్తున్నారు. చూపును ఏడాదికొక్కసారైనా పరీక్షించుకోండని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.