ఫిడేలు ఎక్కడున్నది?



పంచాంగ శ్రవణం అయినది గనుక, యిక సంగీత శ్రవణం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను గాయకుణ్ణి కాను. హోసూరులో యంత్రాల మధ్య బ్రతికేవాణ్ణి. కనుక రాగాల జోలికి పోను. ఇంట్లో స్టీరియో వుండీ, పాటలో ఏ వాద్యం ఏదో విడివిడిగా వినిపించక బాధపడే వారికోసమే యీ ప్రసంగం.

మాది విజయనగరం. మా నాన్నగారు చిన్నతనంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి కచేరీ విన్నవారు. ద్వారంవారు 1893లో మన పొరుగున వున్న బెంగుళూరులోనే పుట్టారు. 1936లో మా వూరి సంగీత కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు. ముసలితనంలో నా దగ్గరకు వచ్చి, యిరుగుపొరుగు తెలియని చోట కూర్చున్న నాన్నగారికి ఆ ఫిడేలు వొక్కటే కాలక్షేపం. కాని వొకనాడు ఆయన పాట ఆపించి, “ఒరే, మృదంగం మోత వున్నది గాని ఫిడేలు ఎక్కడున్నదిరా?” అన్నారు.

రెండు నెలల జీతం పోసి కొత్త యాంప్లిఫయరు తెచ్చాను. మోత పెరిగింది. ఫిడేలు రాలేదు. మా ఆవిడ ఏమన్నదో యీ సభలో చెప్పనక్కరలేదు.

లోపం పెట్టెలో లేదు, గదిలో వున్నది. కృష్ణగిరి జిల్లాలో గ్రానైటుకు కరువు లేదు గదా! మా హాలులో నేల అదే, గోడలకు నడుము ఎత్తు వరకు అదే. నున్నని రాయి తన మీద పడిన ధ్వనిని దాదాపు అంతా తిరగగొడుతుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. గోడకు తగిలి మీటరు దూరం ఎక్కువ తిరిగి వచ్చిన స్వరం, నేరుగా వచ్చిన దానికంటె సెకనులో వెయ్యింట మూడు వంతులు ఆలస్యంగా చెవికి చేరుతుంది. దాన్ని మనం వేరే ప్రతిధ్వనిగా పోల్చుకోలేము. అసలు స్వరంలో కలిసి దాని అంచు చెరిపేస్తుంది. పైగా బోసి గదిలో వొక స్వరం చావకముందే మరొకటి వచ్చి పడుతుంది. ఇక గమకం ఎక్కడ వినబడుతుంది?

ఇది పాత సంగతే. 1895లో అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం వారు కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో మాట అర్థమయ్యేది కాదు. శాబిన్ అనే యువ అధ్యాపకుడు రాత్రివేళల్లో మరొక నాటకశాలనుంచి కుర్చీల మెత్తలు మోసుకువచ్చి, ఎన్ని మెత్తలు వేస్తే ధ్వని ఎంతసేపట్లో అణగుతుందో గడియారం పెట్టి లెక్కగట్టాడు.

నేను మెత్తలు మోయలేదు గాని, స్పీకర్లకూ నా కుర్చీకీ మధ్య జంపఖానా పరిచాను. నేను కుర్చీలో కూర్చుని, మా అబ్బాయిచేత పక్కగోడ వెంట అద్దం జరిపించాను. అద్దంలో స్పీకరు ఎక్కడ కనబడితే అక్కడే ధ్వని తగిలి నా మీదికి వస్తున్నదన్నమాట. అక్కడ దూదిబొంత వేలాడదీశాను. మూలల్లో దాక్కున్న స్పీకర్లను గోడకు రెండడుగులు ముందుకు లాగాను. మూలలో పెడితే మంద్రస్థాయి ఉబ్బిపోతుంది. పెళ్లిలో గట్టిగొంతు మేనమామ లాగా అందరి మాటా ముంచేస్తుంది. స్పీకరుకూ స్పీకరుకూ ఆరడుగులు, ఒక్కొక్కదానికీ నాకూ ఆరడుగులు. సన్నస్వరాలు పలికే చిన్న స్పీకరు చెవి ఎత్తున. దీనికి పైసా ఖర్చు లేదు.

కృష్ణగిరిలో నా మిత్రుని జబ్బు వేరు. ఆయన స్పీకర్లను ఖాళీ మామిడిపళ్ల పెట్టెల మీద నిలిపాడు. పాటతోపాటు పెట్టెలూ పాడుతున్నాయి! వాటిని తీసి, గ్రానైటు తునకలు పేర్చి, మధ్య సైకిలు ట్యూబు ముక్కలు పెట్టించాను. రాయి అక్కడ మేలే చేసింది. అయినా గాయకుడు గదంతా తిరుగుతున్నాడు. చూస్తే వొక స్పీకరుకు ఎర్రతీగ నల్లదాని చోట, నల్లతీగ ఎర్రదాని చోట బిగించి వున్నవి. ఒకటి ముందుకు తోస్తుంటే రెండవది వెనక్కు లాగుతున్నది. తీగలు సరిచేయగానే గొంతు నడుమ నిలబడింది.

ఒక మాట మాత్రం దాచను. స్టీరియోకు ఇంగ్లండులో బ్లుమ్‌లైన్ 1931లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టినా, స్టీరియో రికార్డులు అంగడికి వచ్చింది 1958లో. ద్వారంవారి పాత రికార్డులూ, 1957 నాటి మాయాబజారు పాటలూ ఒంటిధ్వనివే. వాటిలో ఫిడేలును ఎడమకూ మృదంగాన్ని కుడికీ మన స్టీరియో పెట్టె పంపలేదు. అలా నటించే మీటలు స్వరాన్ని పాడుచేస్తాయి. అక్కడ మనం కోరవలసింది, ప్రతి వాద్యం తన సొంత గొంతుతో తేటగా వినబడడం.

వయసుతోబాటు చెవికి తారస్థాయి తగ్గుతుంది. నాన్నగారికోసం సన్నస్వరాల మీట పెంచి చూశాను; గరగర తప్ప లాభం లేదు. చివరకు ఆయన కుర్చీని స్పీకర్లకు నాలుగడుగుల దూరానికి జరిపాను. దగ్గర కూర్చుంటే గది మాట తగ్గి స్పీకరు మాట ఎక్కువవుతుంది.

మొన్న విని, “ఫిడేలు సరే, ఆ మృదంగం వాయించేదెవరురా?” అని అడిగారు. నా దగ్గరున్న నకలు మీద ఆ పేరు లేదు. సభలో పెద్దలెవరైనా విని పోల్చగలిగితే, ఆదివారం మా యింటికి దయచేయండి.