అర్జీకీ ప్రతిపాదనకూ మధ్య

(కర్నూలులో సేవా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య రంగంలో స్థానికంగా చేపట్టే చిన్న ప్రయోగాలకు సీడ్ ఫండ్ ఎలా కోరాలో చెప్పమని నిర్వాహకులు మమ్మల్ని అడిగారు. మేము వైద్యులము కాము, శాస్త్రవేత్తలమూ కాము. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా దరఖాస్తులు తీసుకొని, వాటిమీద నోటు రాసి, పై అధికారి బల్లమీదికి పంపిన వారము. పదవీ విరమణ తర్వాత మహల్లా కమిటీలో చేరి, అదే బల్లకు ఇవతలి వైపు నిలబడి దరఖాస్తులు ఇవ్వడం మొదలుపెట్టాము. రెండు వైపులా నిలబడిన అనుభవమే మా అర్హత.

మొదట మా ఓటమి చెబుతాము. కొన్నేళ్ళ క్రితం మా కమిటీ ఒక దాతృత్వ సంస్థకు దరఖాస్తు పంపింది. పద్దెనిమిది పేజీలు. మొదటి రెండు పేజీలు 2006 నాటి సచార్ కమిటీ నివేదిక గురించే. తర్వాత మన పేదరికం, మన నిరక్షరాస్యత, ఆసుపత్రుల్లో మన స్త్రీలు పడే అవస్థ. చివరి పేజీలో మా కోరికలు: ఒక అంబులెన్సు, ఒక భవనం, రెండు డయాలసిస్ యంత్రాలు. మూడు నెలలకు ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ప్రతిపాదిత కార్యక్రమ లక్ష్యం స్పష్టంగా లేదట.

కమిటీలో ఆగ్రహం పెల్లుబికింది. పేర్లు చూసే పక్కన పెట్టారని యువకులు అన్నారు. అలా జరగనే జరగదని మేము ఎన్నడూ చెప్పము. బల్లకు అవతల కూర్చున్న రోజుల్లో అటువంటివి కళ్ళారా చూశాము. అయితే ఆ రాత్రి కార్యాలయ ప్రతిని తీసి, పాత అలవాటు కొద్దీ ఎర్ర సిరా కలం పట్టుకొని చదివాము. ఆ ఫైలు మా బల్లమీదికి వచ్చి ఉంటే మేమూ అదే నోటు రాసేవారము. అందులో మా బాధ ఉంది, ప్రశ్న లేదు. మేము రాసింది అర్జీ. వారు అడిగింది ప్రతిపాదన.

ఈ భేదం కాస్త వివరంగా చెప్పాలి. అర్జీలో మనం లేమిని చూపి వస్తువు అడుగుతాము. సీడ్ ఫండ్ ఇచ్చేవాడు వస్తువుకు డబ్బివ్వడు. ఒక ఉపాయం పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి అయ్యే ఖర్చు ఇస్తాడు. రైతు కొత్త వంగడాన్ని మొత్తం పొలంలో చల్లడు. ఒక మడిలో వేసి చూస్తాడు. ఆ మడి ఖర్చే సీడ్ ఫండ్. 2008లో గేట్స్ ఫౌండేషన్ ప్రపంచ ఆరోగ్య సమస్యలపై కొత్త ఆలోచనలకు లక్ష డాలర్ల చొప్పున ఇచ్చే పథకం ఆరంభించినప్పుడు కోరిన దరఖాస్తు రెండు పేజీలే. ముందస్తు ఫలితాలు కూడా అడగలేదు. మా పద్దెనిమిది పేజీలు గుర్తుకు వచ్చి సిగ్గు వేసింది.

మరి ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది? మాకు మా గల్లీలోనే దొరికింది.

ఒక రమజాను మాసంలో, ఇఫ్తారుకు ఇంకా గంట ఉందనగా, మా వీధిలో బట్టలు కుట్టి సంసారం ఈదే ఒక సోదరి మిషను ముందే ఒరిగిపోయింది. పదేళ్ళుగా షుగరు వ్యాధి. సహరీ సమయంలో రోజూ వేసుకొనే మాత్రలన్నీ వేసుకొంది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి, అల్లాహ్ దయవల్ల కోలుకొంది. పలకరించడానికి మా ఇంటివారితో కలిసి వెళ్ళినప్పుడు, “డాక్టరును ముందే అడగకపోయావా అమ్మా?” అన్నాము. “అడిగితే రోజా వద్దంటాడు కదా భాయ్, అందుకే అడగలేదు” అంది.

ఆ మాట మమ్మల్ని చాలాకాలం వదలలేదు. ఆమెకు మందులు ఉన్నాయి, ఆసుపత్రి దూరమేమీ కాదు, అజ్ఞానమూ కాదు. వైద్యునికీ రోగికీ మధ్య ఒక సంభాషణ జరగలేదు, అంతే. భవనం కట్టినా, అంబులెన్సు కొన్నా ఆ సంభాషణ జరగదు.

తర్వాత వైద్య కళాశాలలో పనిచేసే ఒక డాక్టరును ఆశ్రయిస్తే, ఇది మా గల్లీ సమస్య మాత్రమే కాదని తెలిసింది. 2001లో 13 దేశాలలో 12 వేలకు పైగా మధుమేహ రోగులను పరిశీలించిన ఎపిడయార్ అనే అధ్యయనం ఉంది. టైప్ 2 మధుమేహం ఉన్నవారిలో దాదాపు 79 శాతం మంది రమజానులో కనీసం 15 రోజులు ఉపవాసం ఉన్నారట. చక్కెర ప్రమాదకరంగా పడిపోయిన ఘటనలు వారిలో మామూలు నెలలకంటే ఏడున్నర రెట్లు పెరిగాయట. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మరొక సంస్థతో కలిసి దీనిపై 2016లో మార్గదర్శకాలు ప్రకటించి, 2021లో సవరించింది. రమజానుకు ఆరు నుండి ఎనిమిది వారాల ముందే రోగి వైద్యుణ్ణి కలవాలనీ, మందుల వేళలూ మోతాదులూ వైద్యుడే సవరించాలనీ, చక్కెర 70కి తగ్గినా 300 దాటినా ఉపవాసం విరమించాలనీ వాటిలో ఉంది. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారు ఉపవాసం ఉండకపోవడమే మేలని కూడా ఉంది. వేలిమీద సూదితో గుచ్చి చక్కెర చూసుకొంటే రోజా భంగం కాదన్న సంగతి మా వీధిలో సగం మందికి తెలియదు.

ఇక మా ప్రశ్న తయారయింది. రజబ్, షాబాన్ మాసాలలోనే మహల్లాలోని మధుమేహ రోగులను వైద్యుని వద్దకు చేర్చగలమా? చేర్చితే, రమజానులో మందుల వేళలు మార్చుకొన్నవారి సంఖ్య పెరుగుతుందా? రెండే వాక్యాలు. వాటికోసం మా కమిటీ నాలుగు సాయంత్రాలు వాదించుకొంది.

రెండవ దరఖాస్తు నాలుగు పేజీలు. సమస్యకు అర పేజీ. ఏ గల్లీలు, ఎన్ని ఇళ్ళు, ఎవరు తిరుగుతారు, ఏమి లెక్కిస్తారు అన్నదానికి రెండు పేజీలు. లెక్కించేవి మూడే: చంద్రదర్శనానికి ముందు వైద్యుణ్ణి కలిసినవారెందరు, మందుల వేళ మార్చుకొన్నవారెందరు, చక్కెర పడిపోయినప్పుడు ఉపవాసం విరమించినవారెందరు. పోల్చి చూడటానికి మా పథకం అమలుకాని పక్క మహల్లాలో కూడా అవే ప్రశ్నలు అడుగుతామని రాశాము. ఇది డాక్టరుగారి సలహా. మిగిలిన పేజీలో బడ్జెట్టు. అందులో పెద్ద పద్దు గ్లూకోమీటరు స్ట్రిప్పులది, తర్వాతిది ఇంటింటికీ తిరిగే ఇద్దరు స్త్రీల గౌరవ వేతనానిది. బల్లలు, కుర్చీలు, ప్రారంభోత్సవం లేవు. బ్యానరు ఖర్చు కొట్టివేసినందుకు కమిటీలో ఒకరు ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడరు.

ఒక విషయం చాలామంది వదిలేస్తారు. మనుషుల ఆరోగ్య వివరాలు సేకరించి పరిశోధనగా చూపదలచినప్పుడు భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి నైతిక మార్గదర్శకాలు వర్తిస్తాయి. ఎథిక్స్ కమిటీ ఆమోదం తీసుకోవాలి, వ్యక్తికి అర్థమయ్యే భాషలో వివరించి సమ్మతి పొందాలి. మా సమ్మతి పత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉంది. చదవలేనివారికి సాక్షి ఎదుట చదివి వినిపించాము. వైద్య కళాశాలను భాగస్వామిగా చేర్చుకొంటే ఈ ఆమోదం దారిలో పడుతుంది. ఫొటోల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. దాతకు చూపడానికని వేలు గుచ్చించుకొంటున్న స్త్రీల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టే సంఘాలను చూస్తున్నాము. దయచేసి మానుకోండి. ఆ ఒక్క ఫొటోతో మరుసటి వారం పది తలుపులు మూసుకొంటాయి.

డబ్బు ఎక్కడ అడగాలన్నది మీ అసలు సందేహం. ప్రభుత్వ పక్షాన బైరాక్ సంస్థ బిగ్ పేరిట కొత్త ఆవిష్కరణలకు 50 లక్షల వరకు ఇస్తుంది. 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకంలో ఆలోచన నిరూపణకు 20 లక్షల వరకు గ్రాంటు ప్రకటించారు. మన పిల్లల్లో ఇంజినీర్లు, ఫార్మసీ పట్టభద్రులు పరికరమో, పరీక్షా విధానమో కనిపెట్టి ఉంటే ఆ దారి పట్టాలి. అయితే రెండవది గుర్తింపు పొందిన స్టార్టప్ కంపెనీలకే. మహల్లా కమిటీ దరఖాస్తు చేసి ప్రయోజనం లేదు.

మన వంటి సంఘాలకు దగ్గరి దారి కంపెనీల సామాజిక బాధ్యత నిధి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ తన మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఇందుకు ఖర్చు చేయాలి. ఆ చట్టం ఏడవ షెడ్యూలులో వ్యాధి నివారణతో సహా ఆరోగ్య సంరక్షణ ఉంది. కాని కంపెనీ తనకు సంబంధం లేని సంఘం ద్వారా పని చేయించాలంటే, ఆ సంఘానికి 12ఏ, 80జీ నమోదులు, 2021 ఏప్రిల్ నుండి తప్పనిసరి అయిన సీఎస్ఆర్-1 నమోదు, మూడేళ్ళ కార్యానుభవం ఉండాలి. నిన్న పుట్టిన సంఘానికి ఇది సాధ్యం కాదు. అటువంటివారు పాత సంఘంతో లిఖితపూర్వకంగా జతకట్టాలి. మేమూ అదే చేశాము. అహం కొంచెం దెబ్బతింటుంది, పని జరుగుతుంది.

గల్ఫ్‌లో ఉన్న మన బిడ్డల సాయం గురించి భయాలున్నాయి. భారత పౌరుడు తన సొంత సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకొన్నవారు పంపేది వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు లేకుండా దానిని ముట్టుకోకూడదు. జకాతు సొమ్ము ఏ పద్దుకు వాడవచ్చో ఉలమాను అడగండి; ఖాతాలో మాత్రం దానిని వేరుగా ఉంచండి.

మాకు అడిగిన మొత్తం దొరకలేదు. సగం ఇచ్చి, ఫలితం చూసి మిగతా సగం ఇస్తామన్నారు. మసీదు ఆవరణలో శిబిరం పెట్టాము. పేష్ ఇమాము సాహెబు జుమా రోజున చెప్పారు. పురుషులు బారులు తీరారు. స్త్రీలు వేళ్ళమీద లెక్కించే అంతమందే వచ్చారు. ఏ సోదరి మాట మాకు ప్రశ్నగా మారిందో, ఆమె వంటివారే రాలేదు. మూడవ వారంలో శిబిరం ఎత్తివేసి, ఆశా కార్యకర్త సాయంతో ఒక్కో గల్లీలో ఒక ఇంటి వసారాను ఎంచుకొన్నాము. మధ్యాహ్నం రెండు నుండి నాలుగు వరకు, వంట ముగిసి పిల్లలు బడి నుండి రాకముందు. అప్పుడు వచ్చారు.

మధ్యంతర నివేదిక రాసేటప్పుడు కమిటీలో పెద్ద గొడవ జరిగింది. మొదటి రెండు వారాలు విఫలమైన సంగతి రాస్తే రెండవ విడత ఆగిపోతుందని పెద్దలు భయపడ్డారు. పురుషుల సంఖ్య, స్త్రీల సంఖ్య కలిపి ఒకే అంకె రాస్తే చాలన్నారు. వారిది దురుద్దేశం కాదు. వచ్చిన డబ్బు పోతుందన్న దిగులు. మేము ఒప్పుకోలేదు. వారం వారీగా, స్త్రీ పురుషుల వారీగా, శిబిరం మార్చిన తేదీతో సహా రాసి, ఖర్చు కాని సొమ్ము ఎంతో చూపి, వోచర్ల నకళ్ళతో యుటిలైజేషన్ సర్టిఫికెట్ జతచేసి పంపాము. దాత సంస్థ నుండి ఫోను వచ్చింది. ఆ మార్పు గురించే అరగంట అడిగారు. వసారా పద్ధతిని మరో రెండు మహల్లాలలో చేయగలరా అన్నారు. రెండవ విడత వచ్చింది.

ఆ సోదరి మరుసటి రమజానుకు ముందు డాక్టరును కలిసింది. ఆయన కొన్ని రోజాలకు సమ్మతించాడు, కొన్నింటికి వద్దన్నాడు. వద్దన్న రోజుల్లో ఆమె మా కార్యకర్తలతో గల్లీ తిరిగింది.

ఇక మా మాట ఆపుతాము. భోజనానంతరం వరండాలో కూర్చుంటాము. దరఖాస్తు రాయదలచినవారు ఒక కాగితం తీసుకొని, మీ గల్లీ పేరు, ఇళ్ళ సంఖ్య, మీరు తేల్చుకోదలచిన ప్రశ్న రెండు వాక్యాలలో రాసి తీసుకురండి. ప్రతి కాగితం చదువుతాము. ఎర్ర సిరా కలం వెంట తెచ్చుకొన్నాము, ఎవరూ నొచ్చుకోవద్దు.