ధర తేలకుండా సరుకు దించితే



పత్తి జిన్నింగు మిల్లులో దించాక "ధర తర్వాత చూసుకుందాంలే" అన్న మాట మనమంతా విన్నదే. దేశాల మధ్య పత్తి వ్యాపారంలోనూ ఈ పద్ధతి ఉంది. పెద్ద కంపెనీలు ఇవాళ ఒప్పందం చేసుకుని, ధర తర్వాత తేల్చుకుంటాయి. కానీ ఏ నెల న్యూయార్క్ ఫ్యూచర్స్ ధర మీద, ఎన్ని సెంట్లు ఎక్కువో తక్కువో, ఏ గడువులోగా తేల్చాలో ముందే కాగితం మీద పెట్టుకుంటాయి. మన చీటీలో అదేమీ ఉండదు.

1980 నాటి వియన్నా ఒప్పందం 55వ అధికరణం ప్రకారం, ధర రాయకపోయినా ఒప్పందం చెల్లేదైతే, అది కుదిరిన నాటికి అలాంటి సరుకుకు నడుస్తున్న ధరే లెక్క. అందులో మన దేశం చేరలేదు. మనకున్నది 1930 నాటి సరుకుల విక్రయ చట్టం. ధర తేలకపోతే "సమంజసమైన ధర" చెల్లించాలని దాని 9వ సెక్షన్ అంటుంది. ఏది సమంజసమో కోర్టులో తేలేసరికి మన అప్పుకు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

అందుకే కాటా చీటీ మీద నాలుగు ముక్కలు రాయించండి: ఏ యార్డు ధర, ఏ రోజు ధర, తేమకు కోత ఎంత, డబ్బు ఏ తేదీకి. ఒక్కరు అడిగితే బండి తిప్పుకొమ్మంటాడు. ఊరంతా అడిగితే రాసిస్తాడు.