వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంపిక: సంఘాల కర్తవ్యం
(పుదుచ్చేరి పట్టణంలో జరిగిన ప్రచార శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మనం సమావేశమైన ఈ పట్టణంలో 1936 జులై 30న ఫ్రెంచి పాలకుల బలగాలు బట్టల మిల్లు కార్మికులపై కాల్పులు జరుపగా 12 మంది నేలకొరిగారు. ఆనాడు సామాన్య కార్మికుని కంఠాన్ని, ముఖాన్ని భద్రపరచే సాధనం కార్మికుని చేతిలో లేదు. నేడు ఉన్నది. 1974 మే 8న ఆరంభమై 20 దినాలు సాగిన రైల్వే సమ్మెలో ఇరవై ఏళ్ల ప్రాయంలో పాల్గొన్న సోదరుడు ఇప్పుడు డెబ్బది దాటినవాడు. అతని మాటలను చిత్రీకరించడానికి సెల్‌ఫోన్ చాలును. చిత్రీకరించిన దానిని కూర్చడానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలన్నదే నేటి ప్రశ్న. ఇది కేవలం సాంకేతిక విషయమని కొందరు తలుస్తారు. మేమూ ఒకప్పుడు అలాగే తలచాము.

కొన్నేళ్ల క్రిందట మేము ఒక విశ్రాంత గార్డు చేత మూడు గంటలు మాట్లాడించి చిత్రీకరించాము. నెలవారీ చందాపై తీసుకొన్న సాఫ్ట్‌వేర్‌లో కూర్పు మొదలుపెట్టాము. ప్రాజెక్టు ఫైలులో అంతా భద్రంగా ఉన్నదని నమ్మి, డిస్కులో చోటు చాలక అసలు క్లిప్పులను చెరిపివేశాము. పని తెలిసిన యువ సోదరుడు బదిలీపై వెళ్లాడు. చందా గడువు తీరింది. తిరిగి చందా కట్టి తెరిచి చూస్తే క్లిప్పుల పేర్లున్నవి గాని చిత్రాలు లేవు. అప్పటికే ఆ పెద్దాయన కన్నుమూశారు. తప్పు ముమ్మాటికీ మాదే.

తపాలా సోదరులకు ఇది సులభంగా బోధపడుతుంది. ప్రాజెక్టు ఫైలు బట్వాడా పుస్తకం వంటిది. ఏ ఉత్తరం ఎక్కడికన్నది అందులో ఉంటుంది గాని, ఉత్తరం ఉండదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలావాటిలో పద్ధతి ఇదే. కనుక మొదటి నియమం: అసలు క్లిప్పులను రెండు వేర్వేరు డిస్కులలో, రెండు వేర్వేరు చోట్ల ఉంచాలి.

ఇక ఎంపిక. సినిమా పరిశ్రమలో వాడే అవిడ్ మీడియా కంపోజర్ 1989లో వచ్చింది. మన అవసరానికి అది మించినది. అడోబి ప్రీమియర్ శక్తిగలది, దానిలో పని నేర్చినవారు ఏ పట్టణంలోనైనా దొరుకుతారు. ఈ సౌలభ్యాన్ని మేము తేలికగా తీసివేయడం లేదు. అయితే 2013లో ఆ సంస్థ తన ప్రధాన సాఫ్ట్‌వేర్‌ను చందా పద్ధతికి మార్చింది. చందా ఆగిననాడు పని ఆగుతుంది. సభ్యత్వ రుసుముపై నడిచే శాఖ ఏటేటా ఈ అద్దె కట్టగలదా?

యాపిల్ వారి ఫైనల్ కట్ ప్రోను ఒకేసారి సొమ్ము చెల్లించి కొనవచ్చును గాని, అలా కొన్న ప్రతి వారి మ్యాక్ కంప్యూటర్లపైననే నడుస్తుంది. అదీగాక 2011లో దానిని పూర్తిగా మార్చి విడుదల చేసినప్పుడు, పాత రూపంలో కూర్చిన ప్రాజెక్టులు కొత్తదానిలో తెరుచుకోలేదు. విల్లుపురం–పుదుచ్చేరి మార్గం మీటర్ గేజిగా ఉన్న దినాలు ఎరిగిన సోదరులకు వేరే చెప్పనక్కరలేదు. గేజి మారిన చోట పాత బండి ముందుకు కదలదు.

డావిన్చి రిజాల్వ్‌ను ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ ఇస్తున్నది. దాని ఉచిత ప్రతితోనే మన పని సమస్తం జరుగుతుంది; రంగులు సరిదిద్దడంలో దానికి పేరున్నది. అయితే అది మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌ను కోరుతుంది. కేడెన్‌లైవ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఉచితంగా వాడవచ్చును, పంచవచ్చును, మార్చవచ్చును. శాఖా కార్యాలయంలోని సాధారణ యంత్రంలో కూడా, క్లిప్పులకు ప్రాక్సీలనే చిన్న నకళ్లు చేసుకొని, దానిలో పని సాగించవచ్చును. అప్పుడప్పుడు మొరాయిస్తుంది; కావున తరచుగా సేవ్ చేయడం అలవాటు కావాలి.

మా సూచన ఇది. శాఖలు కేడెన్‌లైవ్‌తో ఆరంభించాలి. మంచి యంత్రమున్న కేంద్ర కార్యాలయాలు రిజాల్వ్ వాడాలి. ఇంట ప్రీమియర్ ఉన్న సోదరుడు దానిలోనే చేయవచ్చును గాని, ముగిసిన చిత్రాన్ని అందరి యంత్రాల్లో ఆడే ఎంపీ4 రూపంలో సంఘానికి అప్పగించాలి. ఏది ఎంచుకొన్నా ముందుగా ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అనే మాటలను శీర్షికగా టైపు చేసి చూడండి. ఒత్తులు విడిపోతే ఆ సాఫ్ట్‌వేర్, ఆ అమరిక మన తెలుగుకు పనికిరావు. ప్రతి శాఖలో కనీసం ఇద్దరు పని నేర్వాలి. ఒక్కరే నేర్చిన విద్య ఒక్క బదిలీతో పోతుందని మాకు అనుభవం.

మిత్రులారా, సాఫ్ట్‌వేర్ నేడు ఒకటి, రేపు మరొకటి. పెద్దల వాంగ్మూలం మాత్రం మరల లభించదు. ఈ తరగతి ముగిసి ఊరు చేరిన వెంటనే, మీ శాఖలో అందరికంటె వయోవృద్ధుడైన సభ్యుని ఇంటికి వెళ్లండి. సాఫ్ట్‌వేర్ విషయం ఆ తరువాత తేల్చుకోవచ్చును.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!