ఇంటర్న్‌షిప్ కోసం మేం నలుగురం తిరిగిన సంగతి

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు మాట్లాడినది)



నేను పదో తరగతి వరకే చదివాను. మా పాప డిగ్రీ కామర్స్. మన ఆంధ్రలో 2020-21లో చేరిన పిల్లల నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ పెట్టారు కదా. చదువు మధ్యలోనే ఏదైనా కంపెనీలోనో ఆఫీసులోనో కొన్నాళ్లు పని నేర్చుకుని రావాలి. "మనకెవరిస్తారే" అన్నాను పాపతో.

పోయిన వేసవిలో మా సంఘంలో ఒకక్క అంతర్గత అప్పు 6,000 అడిగింది. ఎందుకక్కా అంటే, కూతురి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌కంట. డబ్బు కడితే చాలు, పనికి పోనక్కర్లేదంట! నాకు ఒళ్లు మండింది. పొదుపు డబ్బు కాగితం కొనడానికా? వారం ఆగక్కా, మనమే పోయి అడుగుదాం అన్నాను.

నలుగురు తల్లులం, నలుగురు పిల్లలం కలిసి ముందు ఒక పెద్ద కంపెనీకే పోయాం. గేటు దాటనివ్వలేదు. "కాలేజీ లెటర్ ఉందా?" అన్నాడు సెక్యూరిటీ అబ్బాయి. లేదు. తప్పు మాదే. బ్యాంకుకు లింకేజీ లోనుకు పోయేటప్పుడు తీర్మానం, పుస్తకాలు లేకుండా పోతామా?

రెండోసారి ప్రిన్సిపాల్ గారి లెటర్, బయోడేటా, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు వరకో రాసిన కాగితం పట్టుకుని టౌనులోనే తిరిగాం. ఒకచోట ఆడపిల్లలు వద్దన్నారు. ఆడిటర్ గారి ఆఫీసులో "టాలీ వచ్చా?" అని అడిగారు. వచ్చు సార్ అనబోయాను. "మీరాగండమ్మా, పాపను చెప్పనివ్వండి" అన్నారాయన. "రాదు సార్, బిల్లులు తారీఖు ప్రకారం సర్దగలను" అంది మా పాప. రేపటి నుంచి రమ్మన్నారు. నేను నోరు మూసుకున్నాను.

అక్కడే ఇంకో మాట కూడా అడిగాం. ఆఫీసులో ఇంకా ఆడవాళ్లున్నారా, బాత్‌రూమ్ ఉందా, సాయంత్రం ఎన్నింటికి పంపుతారు అని. ఐదు దాటితే మా ఊరికి బస్సు లేదు మరి. సిగ్గుపడకుండా అడగండి. ఆయన నాలుగున్నరకే పంపారు.

ఆరు వేలు అడిగిన అక్క కూతురు ట్రాక్టర్ షోరూంలో స్పేర్ పార్టుల లెక్క రాసింది. ఒక్క రూపాయీ కట్టలేదు.

2024లో కేంద్రం మొదలుపెట్టిన పీఎం ఇంటర్న్‌షిప్ వేరు, దీంతో కలపకండి. మొదలుపెట్టినప్పుడు అది రెగ్యులర్ కాలేజీలో చదువుతున్న పిల్లలకు కాదు, చదువు ఆపిన వాళ్లకు, అయిపోయిన వాళ్లకు అన్నారు. అప్పట్లో నెలకు 5,000 ఇస్తామని పెట్టారు. దానికి పేరు నమోదు చేయిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వొద్దు, నమోదు ఉచితం.

ఈసారి సెలవులిచ్చేదాకా ఆగొద్దు. సంక్రాంతి దాటగానే కాలేజీలో లెటర్ అడగండి, పిల్లల పేర్లు మీ వీఓఏకు ఇవ్వండి. కలిసే పోదాం. మా నలుగురిలో ఒక పాపకు ఇంకా దొరకలేదు, బీఎస్సీ. మీకు తెలిసిన ల్యాబు ఏదైనా ఉంటే భోజనాల దగ్గర నాకు చెప్పండి.